వంకర టీ గిన్నెకి అంత ధరెందుకు?

మా ఇంటి అలమరాలో స్టీలు డబ్బాల పక్కన మూడు జపనీస్ మట్టిపాత్రలున్నాయి: ఒక టీ గిన్నె, ఒక చిన్న పళ్ళెం, ఒక పూల కూజా. ఇంటికొచ్చిన స్నేహితులందరూ అడిగేది ఒకటే. "ఇంత వంకరగా ఉంది, దీనికి అంత డబ్బా?" న్యాయమైన ప్రశ్నే. నాలాగా సొంత జీతం లేని ఇల్లాలు కొనేముందు తనను తాను అడగాల్సిన ప్రశ్న కూడా. నాకు దొరికిన జవాబు మీతో పంచుకుంటాను.

ముందు మట్టి సంగతి. జపాన్‌లో ఒకాయామా ప్రాంతపు బిజెన్ పాత్రలకి పైపూత వెయ్యరు. కట్టెల బట్టీలో, తరచు పదిరోజులకి పైగా, 1200 డిగ్రీల వేడిదాకా కాలుస్తారు. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి నన్ను ముందు ఆకట్టుకున్నది ఇదే. మంటతో ఎగిరిన బూడిద కుండ మీద వాలి, దానిలోని క్షారాలు సిలికాతో కలిసి గాజులా కరుగుతాయి. మట్టిలోని ఇనుము గాలి ఆడినచోట ఎర్రగా, ఆక్సిజన్ అందనిచోట నల్లగా, బూడిదరంగుగా తేలుతుంది. వరిగడ్డి చుట్టి కాలిస్తే, గడ్డి తగిలినచోట ఎర్రటి చారలు పడతాయి. వాటిని హిదాసుకి అంటారు.

ఇన్నిరోజుల మంట తర్వాత బట్టీ తెరిస్తే కొన్ని పగిలి, కొన్ని వంగి ఉంటాయి. బాగా వచ్చిన పాత్ర ధరలో ఆ నష్టమూ, కట్టెల ఖర్చూ కలిసే ఉంటాయి.

ఈ పాత విద్యకి కొత్త ఊపిరి పోసింది ఇరవయ్యో శతాబ్దపు కళాకారులు. కనెషిగె తోయో (1896–1967) బిజెన్ పాత టీ పాత్రల అందాన్ని మళ్ళీ తీసుకొచ్చారు. 1956లో ఆయనకి 'సజీవ జాతీయ నిధి' గౌరవం దక్కింది. అంతకు ముందు ఏడాదే ఆ గౌరవం పొందినవారు మషికోలో పనిచేసిన హమాదా షోజి (1894–1978). ఆయన 1920లో బెర్నార్డ్ లీచ్‌తో ఇంగ్లండు వెళ్ళి, సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టడానికి సాయపడ్డారు. జపాన్ తిరిగొచ్చాక పాత్రల మీద సంతకం చెయ్యడం మానేశారు. పేరు ఉండేది చెక్కపెట్టె మీదే. అలా కళాకారుడు సంతకం చేసి ఇచ్చే పెట్టెని తొమోబాకో అంటారు. ఎప్పుడైనా కొంటే, ఆ పెట్టెని మాత్రం పారేయకండి.

కొనే ముందు చూపు అలవాటు కావాలి. ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మైన్ నది ఒడ్డున ఉన్న మ్యూజియం అంగెవాండ్టె కున్‌స్ట్ సేకరణలో తూర్పు ఆసియా కళాఖండాలున్నాయి. ఏవి ప్రదర్శనలో ఉన్నాయో కనుక్కుని వెళ్ళండి. బయటికొచ్చాక సాక్సెన్‌హౌజెన్‌లో ఆపిల్ వైన్ పోసే బూడిద, నీలం రంగుల బెంబెల్ కూజానీ గమనించండి. వెస్టర్‌వాల్డ్ కుమ్మరులు వేడి బట్టీలో ఉప్పు చల్లి ఆ మెరుపు తెస్తారు. మన ఆవకాయ జాడీ కూడా ఇలా గట్టిగా కాల్చిన మట్టే. అందుకే నూనె, పులుపు ఊరిపోవు.

కొనేటప్పుడు రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూడండి. అంచు పెదవికి హాయిగా ఉంటుందా? తిరగేసి కింది పాదం చూడండి, చేతిపని అక్కడ తెలుస్తుంది. వేలితో మెల్లగా తట్టి వినండి. మొద్దుగా మోగితే బీట ఉండొచ్చు. చేసినవారి పేరు, ఊరు అడిగి రాసుకోండి. చిన్న సాకే కప్పుతో మొదలుపెడితే ఖర్చు తక్కువ. వాడే ముందు నీళ్ళలో నానబెట్టండి, డిష్‌వాషర్‌లో పెట్టకండి, పసుపు కూరలకి వాడకండి.

నేను పుట్టినరోజుకి చీర వద్దని, ఆ డబ్బుతో ఏడాదికి ఒక్క పాత్ర కొంటాను. అందరి అవసరాలూ చూసే ఇల్లాలి ఇష్టానికీ ఇంటి ఖర్చుల్లో ఒక వరుస ఉండాలి కదా! కొన్నదాన్ని అద్దాల వెనక దాచను. రోజూ అందులోనే టీ తాగుతాను.

ఇంకొక్క మాట. సంతకం లేని హమాదా కప్పుని ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. మన ఊరి కుమ్మరి చేసిన కుండ మీదా సంతకం ఉండదు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు బేరమాడకుండా ఒకటి కొని, చేసినవారి పేరు అడిగి రాసుకోండి.