చెమ్మగోడలు – పెరటినీరు

గృహమును బాగుచేయుట యనగానే మనలో పెక్కురకు ముందుగా తోచునది రంగు. పండుగ దగ్గఱపడగానే గోడలకు క్రొత్తరంగు వేయింతుము. పెచ్చులూడినచోట సిమెంటు మెత్తింతుము. పెరటిలో నాలుగు పూలకుండీలను వరుసగా పెట్టుదుము. సంక్రాంతికి మిలమిలలాడిన యా గోడయే శ్రావణమాసము వచ్చునప్పటికి మఱల ఉబ్బి, పొక్కులెత్తి, చేయి తగిలినంతనే పొడి రాలజొచ్చును. ఆ గోడప్రక్కన పడుకొను పసివానికి దగ్గు తగ్గదు. బీరువాలోని పట్టుచీరెలకు బూజు పట్టును. “ఈ యింటి గోడలే యంత” అని విసుగుకొని, మఱుసటి యేడు మఱల నంత ధనమును వెచ్చింతుము.

ఈ యవస్థకు మూలము నీరు. అది ఎచ్చట ప్రవేశించుచున్నదో, ఎచ్చట నిలిచిపోవుచున్నదో కనిపెట్టి, దానికి బయటకు దారి చూపినగాని యే మరమ్మతును నిలువదు. దారి చూపినపిమ్మట ఆ నీరే పెరటికి సంపద యగును. సోదరీమణులారా! ఇందు పెక్కుపనులు మన చేతులతో చేసికొనదగినవి. చేయలేని వానిని మేస్త్రిచేత చేయించునపుడైనను, ఏమి చేయవలయునో చెప్పగల తెలివి మనకుండుట మేలు. దినమంతయు నింటిలో మెలగువారికి ఏ మూల తడియో, ఏ తూము పొంగునో తెలిసినంతగా బయటినుండి వచ్చినవారికి తెలియదు గదా!

చెమ్మ వచ్చు దారులు

చెమ్మ గోడలోనికి మూడు దారుల వచ్చును. పైనుండి వచ్చునది మొదటిది. పగిలిన బంగాళాపెంకు, ఆకులతో పూడిన తూము, మిద్దెపై బీట – ఇవి దీనికి కారణములు. మరక గోడ పైభాగమున మొదలై క్రిందికి జాఱును. వాన వెలిసిన కొలది దినములకు ఆరును.

ప్రక్కనుండి వచ్చునది రెండవది. చూరునీరు నేలపై పడి చిట్లి గోడను కొట్టుటవలనను, గోడ కానించి మన్ను గాని, కట్టెలు గాని పోగువేయుటవలనను ఇది కలుగును. స్నానపుగది గోడకు ఆవలివైపున కనబడు తడి కూడ ఇట్టిదే.

నేలనుండి పైకి ప్రాకునది మూడవది. దీపపువత్తి నూనెను పీల్చుకొనునట్లు ఇటుక నేలలోని తడిని పీల్చుకొనును. ఇట్టి మరక నేలనుండి సుమారు మూడడుగుల యెత్తువఱకు నెక్కి, అచ్చట నొక గీత గీచినట్లు ఆగును. నీరు ఆరిపోగా దానితో వచ్చిన లవణములు తెల్లని చవుడుగా మిగులును. వేసవిలోను ఇది పూర్తిగా పోదు.

తడి గోడలోనిదా, గదిలోని గాలిదా యను సంశయము కలిగిన నొక సులభమైన పరీక్ష కలదు. జానెడు చదరముగల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితమును గోడకు ఆనించి, నాలుగంచులను అంటుపట్టీతో గాలి చొరకుండ అంటించి, రెండు దినములుంచవలెను. నీటిబొట్లు కాగితము లోపలివైపున పట్టిన తడి గోడనుండి వచ్చుచున్నది. వెలుపలివైపున పట్టిన అది వంటయావిరివలనను, లోపల నారవేయు బట్టలవలనను కలిగినది. దానికి కిటికీ తెఱచుటయే వైద్యము.

గోడకు ఊపిరి

మన పూర్వులు మండువా లోగిళ్ళను కట్టినపుడు ఇటుకను గాని, మట్టిని గాని, ఱాతిని గాని వాడి, పైన సున్నపుగచ్చు చేసిరి. సున్నమును ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీటిని, బెల్లపునీటిని కలుపు వాడుక కలదు. తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లమెల్లగా మఱల సున్నపుఱాయిగా మాఱును. అయినను దానిలో కంటికి కానరాని సన్నని రంధ్రములు మిగిలియుండును. వానకాలమున గోడలో చేరిన తడి, ఎండకాలమున ఆ రంధ్రముల ద్వారా ఆవిరియై పోవును.

మనము నేడు వాడు పోర్ట్‌లాండు సిమెంటునకు 1824వ సంవత్సరమున ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పేటెంటు పొందెను. సిమెంటు గొప్ప వస్తువనుటకు సందియము లేదు. స్లాబునకు, దూలమునకు దానికి సాటియైనది లేదు. అయితే మెత్తని పాతగోడపై దానిని దట్టముగా మెత్తినపుడు లోనితడి బయటకు పోవు దారి మూసికొనిపోవును. తడి లోపలనే నిలిచి, అంతకంటె ఎత్తునకు ప్రాకి, తుదకు సిమెంటుపొరతోపాటు ఇటుక ముఖమును కూడ ఊడదీసికొని వచ్చును. దానిపై నూనెరంగు వేసిన ఉపద్రవము రెట్టింపగును. అందుచేత పాతయింటికి మరమ్మతు చేయించువారు “ఈ గోడ మొదట దేనితో కట్టినది?” అని ముందుగా విచారింపవలెను. సున్నముతో కట్టినదానికి సున్నమే తగిన మందు.

సిమెంటుతోనే కట్టిన యిండ్లవారు నిరాశపడ పనిలేదు. రంగు వేయని సిమెంటుగోడకు సున్నము చక్కగా పట్టును. నూనెరంగుపైన, ప్లాస్టిక్ రంగుపైన మాత్రము పట్టదు. దానిని పూర్తిగా గీకివేయవలెను.

పని వరుస

మొదట నీటిని మరల్పవలెను. తూములలోని ఆకులను తీసి, పగిలిన పెంకులను మార్పింపుడు. గోడ కానించిన మట్టిని తీసివేసి, బయటినేల ఇంటిలోని గచ్చుకంటె పల్లముగా నుండునట్లు చూడవలెను. గోడ మొదలునుండి 10 అడుగుల దూరము పోవునప్పటికి నేల 6 అంగుళములు వాలవలెను. పలుగు, పార, తట్ట యున్నచో ఇంటివారందఱు కలిసి రెండుమూడు ఆదివారములలో చేసికొనగల పని యిది. మెత్తటి నేలపై చూరునీరు పడుచోట రెండడుగుల వెడల్పున గులకరాళ్ళు పఱచిన బురద చిట్లదు.

రెండవది గోడను ఆరనిచ్చుట. ఊడిన పెచ్చులను దులిపి, చవుడును పొడికుంచెతో ఊడ్చి బయట పాఱవేయవలెను. నీటితో కడిగిన లవణము కరగి మఱల గోడలోనికే పోవును. బాగుగా తడిసిన గోడ ఆరుటకు నెలలు పట్టును, తొందరపడరాదు. వానలు వెనుకపట్టినపిమ్మట దీనిని మొదలిడి, సంక్రాంతి వెళ్ళినపిదప సున్నపుపని చేసికొన్న అనుకూలము.

మూడవది పెచ్చులకు పూత. నానిన సున్నపుముద్ద ఒకపాలు, ఉప్పు లేని నదియిసుక మూడుపాళ్ళు కలిపి బాగుగా మర్దింపవలెను. గోడను నీటితో చిలికి తడిపి, అరంగుళమునకు మించని మందమున మెత్తవలెను. గుంట లోతైనచో మొదటిపొర గట్టిపడినపిమ్మట రెండవది వేయుడు. తడిగోనెపట్టాతో కొన్నిదినములు ఎండ తగులకుండ కప్పినచో బీటలు తీయదు. చారెడు, మూరెడు పెచ్చులను మనము మెత్తుకొనవచ్చును గాని, గోడ యొరిగినను, పెద్దబీట తీసినను ఆ పని నేర్పరియైన మేస్త్రిది.

నాలుగవది వెల్ల. సున్నపుఱాళ్ళు నీటిలో పడగానే నీరు కుతకుత నుడుకును. కావున ఇనుపపీపాలో నీరు నిండుగా నుంచి, అందులో సున్నమును కొంచెము కొంచెముగా వేయవలెను. సున్నముపై నీరు గుమ్మరింపరాదు. పలుచని ప్లాస్టిక్ బాల్చీ ఆ వేడికి నిలువదు. అల్యూమినియము పాత్రను సున్నము తినివేయును. పిల్లలను దరికి రానీయక, చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు పెట్టుకొనవలెను. సున్నము కంట పడినచో తడవుచేయక ధారగా మంచినీటితో ఇరువది నిమిషములు కడిగి, వెంటనే వైద్యునికి చూపవలెను. ఇది యుపేక్షింపరాని మాట, చూపునకు సంబంధించినది.

ఒకనాడైనను నానిన సున్నమును, కిలోకు సుమారు 5 లీటర్ల నీటిపాటున పాలవలె పలుచన చేసి, ముతకగుడ్డలో వడియగట్టి, కరగించిన తుమ్మజిగురు కొంచెము, నీలిమందు చిటికెడు కలుపవలెను. గోడను తడిపి, ఒకపూత నిలువుగా, ఒకపూత అడ్డముగా, మొత్తము మూడు పలుచని పూతలు వేయవలెను. వేసినపుడు ఏమియు కానరాదు. ఆరినపిమ్మట తెల్లదనము తేలును. ఈ సంగతి తెలియక చిక్కగా పూసినవారి గోడలే పొరలుపొరలుగా రాలుచుండును. విద్యుద్దీపపు మీటలయొద్ద పూయునపుడు విద్యుత్తును ఆపివేయుట మఱవరాదు.

పెరటినీరు

ఇంటినుండి మరల్చిన నీరెక్కడికి పోవలెను? అంట్లు తోమిన నీరు, స్నానపునీరు పెరటిలో మడుగుకట్టిన దోమలకు పుట్టినిల్లగును. దోమకడుపులో మలేరియా క్రిమిని రొనాల్డు రాస్ దొర మొదట చూచినది మన సికింద్రాబాదులోనే, 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన. నిలిచిన నీటిలో పెట్టిన గ్రుడ్డు వెచ్చని దినములలో సుమారు 7 మొదలు 10 దినములకు రెక్కల దోమయగును. కాన వారమున కొకమాఱు నీటితొట్టిని ఖాళీచేసి తోమిన దాని పుట్టుక ఆగిపోవును. డెంగ్యూజ్వరమును తెచ్చు దోమ ఎక్కువగా నిలిచిన మంచినీటిలో పెరుగును. పూలకుండీ క్రింది పళ్ళెమును, పెరటిలోని కొబ్బరిచిప్పను, పాతటైరును విడువక చూడవలెను.

వాడిననీటికి అరటిపాదు చక్కని గమ్యము. గోడకు 10 అడుగులకు తక్కువ కాకుండ, త్రాగునీటిబావికి 50 అడుగులకు పైగా దూరమున, 2 అడుగుల లోతు, 5 అడుగుల వెడల్పుగల గుంట త్రవ్వి, తీసిన మట్టిని చుట్టును గట్టుగా పోయుడు. గుంటను కొబ్బరిడొక్కలు, ఎండుకొమ్మలు, ఆకులతో పొంగారునట్లు నింపి, గట్టుపై నాలుగు అరటిపిలకలను, వానినడుమ చేమను, కందను నాటుడు. తూమునుండి నీరు వాలుగా ఆకులక్రిందికి పోవలెను, పైకి కనబడరాదు. దారిలో మెతుకులను పట్టుటకు చిన్న జల్లెడతీగ నుంచి, దానిని తఱచుగా కడుగుచుండుడు. ఆకులు క్రుంగినకొలది పైన క్రొత్తవి వేయుచుండిన, అవియే ఎరువగును. మరుగుదొడ్డినీరు మాత్రము దీనిలోనికి రారాదు. సబ్బునీటిని తోటకూర, కొత్తిమీరవంటి ఆకుకూరలపై చల్లరాదు.

నేల నీటిని పీల్చునో లేదో ముందు చూచుకొనవలెను. అడుగు లోతు గుంట తీసి నీరు పోసి, అది ఇంకినపిమ్మట మఱల నింపుడు. మఱునాటికిని నిలిచియుండిన ఆ చోటు పనికిరాదు. నల్లరేగడినేల తడికి ఉబ్బి, ఎండకు బీటలిచ్చును గాన అచ్చట పునాదికి ఇంకను దూరముగా త్రవ్వుట క్షేమము.

ఇంకొక మాట. గోడబీటలో రావిమొక్క మొలచినపుడు దేవతావృక్షమని పీకుటకు వెఱతుము. అది వేలెడుండగానే వేరుతో మెల్లగా తీసి, చెఱువుగట్టునకో, గుడిమాన్యమునకో చేర్చి నాటిన చెట్టు నిలుచును, ఇల్లును నిలుచును. ముదిరినపిమ్మట వేరు గోడను చీల్చును. అప్పుడు రెంటిలో నొకటి పోవలసినదే.

ఈసారి జోరుగా వాన కురిసినపుడు గొడుగు పట్టుకొని ఇంటిచుట్టు నొకమాఱు తిరిగిరండు. నీరు ఎచ్చట చిట్లుచున్నది, ఎచ్చట ఆగుచున్నది, ఏ గోడవైపు పరుగెత్తుచున్నది – నాలుగు గీతలతో కాగితముపై గుర్తుపెట్టుకొనుడు. ఆ కాగితమును చేతబట్టుకొని మేస్త్రితో మాటలాడుడు; ఇంటియజమానితో ఖర్చును గుఱించి ఆలోచింపుడు. రంగుడబ్బాకు వెచ్చింపదలచిన పైకమును తూమునకును, నేలవాలునకును ముందుగా వెచ్చించిన, పసివానిమంచము ప్రక్కగోడ పొడిగా నుండును. ఏడాది తిరుగునప్పటికి అరటిగెలయు చేతికి వచ్చును.