మీకు తెలుసా? పోయాక ఆరు గంటలు!

నేత్రదానం, చర్మదానం అనగానే చాలామంది ‘మంచిదే కదా’ అనేసి ఊరుకుంటారు. అందులో దాగిన వింతలు మాత్రం ఎవరూ చెప్పరు! నేను ఏరి దాచుకున్నవి ఇవిగో, పిల్లలకీ పెద్దలకీ కూడా.

• తొంభై ఏళ్ల బామ్మ కూడా కళ్లు ఇవ్వొచ్చు! కళ్లజోడు ఉన్నా, షుగర్ ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా ఫర్వాలేదు. శుక్లం వచ్చేది లోపలి కటకానికి, దానంగా వెళ్లేది ముందుండే కార్నియా. అది బాగుంటే చాలు.

• కార్నియా మందం ఎంతో చెప్పుకోండి చూద్దాం? మధ్యలో సుమారు అర మిల్లీమీటరు! అందులో ఒక్క రక్తనాళం కూడా ఉండదు. తనకు కావలసిన ఆక్సిజన్‌ను కన్నీటి ద్వారా నేరుగా గాలిలోంచే తీసుకుంటుంది. రక్తనాళాలు లేవు కాబట్టే మామూలుగా బ్లడ్ గ్రూపు కలవకపోయినా అమర్చేస్తారు.

• కార్నియా మార్చితే కంటి రంగు మారుతుందా? మారదు! రంగు ఉండేది వెనకనున్న కనుపాపలో. పిల్లికళ్లాయన కార్నియా పెట్టినా నల్లకళ్లమ్మాయి నల్లకళ్లమ్మాయే.

• విశాఖ హనుమంతవాక దగ్గరున్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యాలయంలో మొహ్సిన్ ఐ బ్యాంక్ అనే నేత్రనిధి ఉంది. నేత్రనిధికి కబురు పెడితే మనిషి పోయిన ఇంటికే వస్తారు, పైసా అడగరు. పని పదిహేను ఇరవై నిమిషాలే. తలుపు దగ్గరగా వేసి, చేతికి గ్లవుజులు తొడుక్కుని, పల్చని కార్నియా తీసుకుని, దాని చోట ఒక ప్లాస్టిక్ తొడుగు పెట్టి రెప్పలు మూసేస్తారు. పరీక్షలకు కాస్త రక్తం తీసుకుంటారు. ముఖం ఏమాత్రం మారదు. స్నానం చేయించే వేళకు చూసిన బంధువులు కూడా ‘తీశారా, నిజంగానా?’ అనేంతలా!

• తీసిన కార్నియా వెళ్లేది గులాబీ రంగు ద్రవంలో! చిన్న సీసాలో పోసిన ఈ ఎంకే మీడియంలో, మంచుపెట్టెలో, నాలుగు రోజుల దాకా పాడవకుండా ఉంటుంది. ఎంకే అంటే 1974లో దాన్ని కనిపెట్టిన మెక్‌కేరీ, కౌఫ్‌మన్. హైదరాబాదులోని రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ దీన్ని తయారుచేసి వేరే నేత్రనిధులకూ పంపుతుంది.

• జేబులో ప్రతిజ్ఞ కార్డు ఉన్నంత మాత్రాన దానం జరిగిపోదు! పోయాక సంతకం పెట్టాల్సింది ఇంట్లోవాళ్లే. నాన్న కార్డు బీరువాలో ఉందన్న సంగతి పిల్లలకు తెలియకపోతే కార్నియా తీసుకోవడానికి వీలుండే ఆ ఆరు గంటలూ ఇట్టే గడిచిపోతాయి. నన్నడిగితే కార్డు కంటే భోజనాల దగ్గర నలుగురూ వినేలా చెప్పిన మాటకే బలం ఎక్కువ.

• ‘మా అమ్మ కళ్లు ఎవరికి పెట్టారు?’ అని అడిగితే నేత్రనిధి పేరు చెప్పదు! రెండు వైపులా పేర్లు గోప్యం. ఇచ్చినవాళ్ల మీద, తీసుకున్నవాళ్ల మీద రుణభారం పడకుండా ఈ జాగ్రత్త. అయినా ‘ఎక్కడో చూస్తూనే ఉంది’ అని చెప్పుకుని కుదుటపడే కుటుంబాలు ఎన్నో. ‘ఇస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్లమై పుడతాం’ అని భయపడి వెనకాడే ఇళ్లూ ఉన్నాయి. శ్రీకాళహస్తి కన్నప్ప కథ చెప్పుకునే మనకు ఆ భయమెందుకండీ!

• ప్రపంచంలో విజయవంతమైన మొదటి కార్నియా మార్పిడి 1905 డిసెంబరు 7న జరిగింది! ఇప్పటి చెక్ దేశంలోని ఒలోమౌట్స్‌లో డాక్టర్ ఎడువార్డ్ జిర్మ్ చేశారు. రెండు కళ్లూ సున్నం పడి కాలిపోయిన ఒక కూలీకి, గాయంతో కన్ను పోగొట్టుకున్న పదకొండేళ్ల బాలుడి కార్నియా పెట్టారు.

• సున్నం అంటే గుర్తొచ్చింది, తాంబూలంలోకి వాడే సున్నం కంటికి యాసిడ్ కంటే ప్రమాదం! అది పైపైన ఆగదు, లోపలికి తొలుచుకుపోతూనే ఉంటుంది. పిల్లలు సున్నం ప్యాకెట్ నొక్కి కంట్లో చిమ్ముకోవడం మన దేశపు కంటి డాక్టర్లు తరచూ చూసే ప్రమాదం. కంట్లో పడిందా, ముందు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి, ఆసుపత్రి ఆ తర్వాత.

• అలా కాలిన కంటికి రెండు మిల్లీమీటర్ల ముక్క చాలు! రోగి రెండో కంటి నుంచో, అన్నదమ్ముల కంటి నుంచో కార్నియా అంచున రవ్వంత తీసి, ఎనిమిది పది ముక్కలు చేసి కంటి మీద పేరుస్తారు. మూలకణాలు అక్కడి నుంచి అల్లుకుంటాయి. ఈ పద్ధతిని 2012లో లోకానికి చెప్పింది హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యాలయం డాక్టర్లే! ఆ ముక్కల కింద పరిచేది ఏమిటో తెలుసా? కాన్పు తర్వాత పారేసే మాయ పొర! సిజేరియన్ అయిన తల్లి ఒప్పుకుంటే దాన్ని శుభ్రపరిచి మైనస్ 80 డిగ్రీల చలిలో దాస్తారు.

• ఒక్క కార్నియా ఇద్దరికి! పై పొరలు ఒకరికి, సుమారు వందో వంతు మిల్లీమీటరు మందముండే లోపలి పొర ఇంకొకరికి. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ రెండు కళ్లు నలుగురికి చూపునిచ్చింది ఇలాగే.

• పూర్తి కార్నియా మార్చితే పడేవి సాధారణంగా 16 కుట్లు! ఆ దారం తలవెంట్రుకలో మూడో వంతు లావు కూడా ఉండదు. కట్టు విప్పగానే సినిమాలోలా అంతా స్పష్టంగా కనిపించేస్తుందనుకోకండి. చూపు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, చుక్కల మందు చాలాకాలం మానకూడదు. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. దాత ఇంటివాళ్లు ఇచ్చినదాన్ని నిలబెట్టేది ఈ జాగ్రత్తే.

• మన దేశంలో మొదటి నేత్రనిధి 1945లో మద్రాసులో మొదలైంది. అప్పుడు విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే!

• సముద్రం దాటిన కళ్లు! శ్రీలంక డాక్టర్ హడ్సన్ సిల్వా 1964లో సింగపూరుకు మొదటిసారి కళ్లు పంపింది ఐసు ముక్కలు వేసిన థర్మాస్ ఫ్లాస్కులో. అంతకుముందు ఆయన కన్నతల్లి పోయినప్పుడు ఆమె కార్నియాలు ఒక పేద రైతుకు చేరాయి.

• డెబ్బైమందికి ఒక్క కార్నియా! 2012-13లో ప్రపంచ దేశాల్లో ఆరా తీస్తే, కార్నియా కోసం ఎదురుచూస్తున్నవాళ్లు 1.27 కోట్లమంది అని తేలింది.

• చర్మం కూడా దానం చేయొచ్చు! తొడల మీద, వీపు మీద పైపొర మాత్రమే పల్చగా తీస్తారు. గ్లిజరాల్‌లో ఐదేళ్ల దాకా నిలవ ఉంటుంది, బ్లడ్ గ్రూపు గొడవే లేదు. రెండు మూడు వారాల్లో రోగి ఒళ్లు దాన్ని వదిలించుకుంటుంది, కానీ కాలిన ఒంటికి ప్రాణం నిలబెట్టే వారాలు అవే! హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో చర్మనిధి తెరిచారు. సుమారు 1,600 డిగ్రీల వేడిలో ఉక్కు ద్రవంగా పారే మన విశాఖలో ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతి ఇది.

• గుండె, కాలేయం దానానికి సాధారణంగా ఆసుపత్రిలో, వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెడ్ అయి ఉండాలి. అలాంటి దాతలకు అధికార లాంఛనాలతో వీడ్కోలు పలకాలని 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. కళ్లకు బ్రెయిన్ డెడ్ షరతే లేదు, గాజువాకలో సొంత మంచం మీద నిద్రలో పోయిన తాతగారూ దాతే! ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్ లాంటి జబ్బులుంటే మాత్రం తీసుకోరు.

• చివరి ప్రశ్న. నేత్రనిధివాళ్లు వచ్చేలోపు ఇంట్లో ఫ్యాన్ ఎందుకు కట్టేయాలి? గాలికి కార్నియా ఎండిపోతుంది! రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఆరంగుళాల ఎత్తులో ఉంచాలి. ఏసీ ఉంటే వేయొచ్చు, చల్లదనం మంచిదే.