గది అద్దె, ఇచ్చిన మాట

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు లాడ్జి గదులతో ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది. గల్ఫ్‌కు వెళ్ళే కొడుకును శంషాబాద్‌లో విమానం ఎక్కించాలి, పెద్దవారిని హైదరాబాద్ ఆసుపత్రిలో చూపించాలి. గది మాట్లాడుకునేటప్పుడు అన్నీ ఉన్నాయంటారు. తీరా వెళ్ళాక ఉండేవి కొన్నే.

రెండేళ్ళ క్రితం మోకాళ్ళ నొప్పితో బాధపడుతున్న అమ్మీని తీసుకుని హైదరాబాద్ వెళ్ళాను. లిఫ్టు ఉంది, వేడినీళ్ళు వస్తాయి అన్న మాట మీదనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. లిఫ్టు పనిచేయడం లేదు. ఆమె మెట్టు మెట్టుకూ ఆగుతూ మూడో అంతస్తు ఎక్కింది. గుమాస్తాను అడుగుదామని నేను వెనుదిరిగితే, "సబర్ చెయ్ బేటా" అంది. ఫజ్ర్ వుజూకు వేడినీళ్ళూ రాలేదు. రాత్రంతా ఊరకుండి, ఉదయం బిల్లు కట్టేటప్పుడు వాదనకు దిగాను. "రాత్రే ఎందుకు చెప్పలేదు మౌల్వీసాబ్?" అన్నాడు గుమాస్తా. మొత్తం సొమ్ము కట్టి వచ్చేశాను.

నిజానికి ఆ ప్రశ్న నేను విద్యార్థులకు బోధించే హిదాయా గ్రంథంలోనే ఉంది. అద్దెకు తీసుకున్న ఇంట్లో నివాసానికి ఇబ్బంది కలిగించే లోపం బయటపడితే ఒప్పందాన్ని రద్దు చేసుకునే అధికారం అద్దెదారుకు ఉంటుందని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. యజమాని ఆ లోపాన్ని సరిచేస్తే ఆ అధికారం పోతుంది. లోపం తెలిసి కూడా అద్దెదారు ప్రయోజనం పొందితే అతడు దానికి సమ్మతించినట్లే, పూర్తి అద్దె చెల్లించవలసిందే. పాఠం చెప్పిన నేనే పాఠం మరిచాను.

మౌనాన్ని సబర్ అనుకోవడం మనలో బాగా పాతుకుపోయింది. తనకు రావలసిన ఒంటె కోసం వచ్చిన ఒక వ్యక్తి దైవప్రవక్త (స)తో కఠినంగా మాట్లాడితే సహాబాలు అతణ్ణి మందలించబోయారు. ప్రవక్త (స) వారిని వారించారు, హక్కు గలవానికి అడిగే అధికారం ఉందన్నారు, అతని ఒంటె కన్నా మేలైన ఒంటెను ఇప్పించారు. ఇది బుఖారీలో ఉన్న సంఘటన. సిరిసిల్ల మరమగ్గాల గుడ్డ కొలతలో తగ్గితే కొన్నవాడు ఊరుకుంటాడా? గది దగ్గర మాత్రం మనకు మొహమాటం.

దేశచట్టం మరికాస్త వెసులుబాటు ఇచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపంపై 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయవచ్చు. లాడ్జి ఎక్కడున్నా మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. అయితే అక్కడా ఆధారం కావాలి. ప్రకటన స్క్రీన్‌షాట్, రసీదు, లోపం కనబడిన గంటలోనే యజమానికి పంపిన వాట్సాప్ సందేశం దాచుకోవాలి.

ఉమ్రా ప్రయాణాలలో ఈ జాగ్రత్త మరీ అవసరం. "హరమ్‌కు దగ్గర" అన్నది దూరం కాదు. హోటల్ పేరు, ఎన్ని మీటర్లు, గదికి ఎంతమంది అన్నవి సొమ్ము ఇవ్వకముందే రసీదులో రాయించుకోండి. అడిగితే ఏజెంటు నొచ్చుకుంటాడేమోనని చాలామంది జంకుతారు. ముసలివారు మండుటెండలో నడవవలసి వచ్చినప్పుడు ఆ ఏజెంటు పక్కన ఉండడు.

అడగడానికీ ఒక హద్దుంది. ఒక పూట వేడినీళ్ళు రాలేదని మూడు రోజుల అద్దె మొత్తం తిరిగి ఇమ్మనడం అన్యాయం. ఇచ్చేటప్పుడు తగ్గించి, తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకునేవారిని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరించింది. ఆ హెచ్చరిక వ్యాపారికి ఎంతో, బస చేసినవానికీ అంతే.

మొన్న అమ్మీని మళ్ళీ తీసుకువెళ్ళాను. ఈసారి వేరే లాడ్జి, అక్కడా లిఫ్టు ఆగిపోయి ఉంది. సంచి కింద పెట్టకముందే కౌంటరు దగ్గర నిలబడి, ఒప్పుకున్న మాట చూపించి, నెమ్మదిగానే అడిగాను. కింది అంతస్తులో గది ఇచ్చారు. 200 రూపాయలు తగ్గించారు కూడా.