వదినగారి ఫొటోలు... మన ఊరి గుళ్ళు

కిందటేడు మా పెద్దాడపడుచుగారు కంబోడియా వెళ్ళొచ్చారు. ఆంగ్‌కోర్ వాట్ ఫొటోలు మా ముందు పరిచి, "పొద్దున్న ఐదింటికే గైడు వచ్చేశాడు. సాయంత్రానికి ఒక్కో రాయి కథా చెప్పాడనుకో!" అని ఒకటే మురిసిపోయారు. ఒక ఫొటో దగ్గర నేను ఆగిపోయాను. గోడ పొడవునా క్షీరసాగర మథనం! అటు దేవతలు, ఇటు రాక్షసులు, మధ్యలో మందర పర్వతం, దాని కింద తాబేలు.

"ఈ తాబేలు స్వామికి మన శ్రీకూర్మంలో గుడే ఉంది కదా వదినా!" అన్నాను.

"ఉందిగానీ, అక్కడ చూడ్డానికేముంది?" అన్నారావిడ.

ఆ మాట గుచ్చుకుంది. అలాగని నేను మాత్రం చూశానా? పెళ్ళయి శ్రీకాకుళం వచ్చి పదహారేళ్ళు. వెళ్ళినప్పుడల్లా కొబ్బరికాయ, దణ్ణం, తీర్థం, వంటకి ఆలస్యమవుతోందని పరుగు. అంతే!

అందుకే ఓ ఆదివారం మేమే టూరు పెట్టుకున్నాం. మూడిళ్ళ ఆడవాళ్ళం, పిల్లలు, ఒక వ్యాను. మా వీధిలో ఉండే రిటైరైన హిస్టరీ మాస్టారు గైడు. ఆయన ఫీజు పులిహోర, దద్దోజనం!

తెల్లవారుతుండగా అరసవిల్లి. ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొద్దిరోజులపాటు లేత ఎండ సరాసరి గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలు తాకుతుంది. అక్కణ్ణించి సుమారు 45 కిలోమీటర్లు, వంశధార ఒడ్డున ముఖలింగం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులంటారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ ఆ ఒక్క ఊళ్ళోనే. మధుకమంటే మన ఇప్పచెట్టేనట! గుమ్మాల చుట్టూ రాతిలో చెక్కిన తీగలు చూస్తే మన పట్టుచీరల అంచులు గుర్తొచ్చాయి. మేం తలలెత్తి చూస్తూంటే ఓ ముసలమ్మ, "దణ్ణమెట్టుకోకుండా గోడలు సూత్తారేటమ్మా?" అని నవ్వింది.

వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారని మాస్టారు చెప్పారు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు ఏలిన నగరమిది. పూరీ జగన్నాథాలయం కట్టించడం మొదలుపెట్టింది ఆయనే. అక్కడ ఆంగ్‌కోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మ 1113లో రాజయ్యాడు. అంటే ఇద్దరూ ఒక కాలంవాళ్ళే. వదినగారు ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం శ్రీకూర్మం. ఇక్కడ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభాలు రెండు. "ఆంగ్‌కోర్ వాట్ కూడా పడమటి ముఖమే!" అన్నారు వదినగారు ఆశ్చర్యంగా.

అసలు సంగతి స్తంభాల దగ్గర తెలిసింది. వాటి నిండా శాసనాలు. 13వ శతాబ్దం నాటివే చాలా ఉన్నాయి. ఎవరో అఖండదీపానికి దానమిచ్చారు, ఇంకెవరో భూమి ఇచ్చారు. అలా ఇచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారట! మాస్టారు ఆ మాట చెబుతుండగానే మాలో ఒకావిడ కుంకుమ చెయ్యి ఆ అక్షరాలకే తుడిచేసింది. నా గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ళలో నేనూ అలా ఎన్నిసార్లు తుడిచానో!

"అమ్మా, నాయనమ్మ వాళ్ళమ్మ పేరేంటి?" అంది మా అమ్మాయి ఉన్నట్టుండి. నాకు తెలియదు. మొదటిసారి అత్తయ్యగారిని అడిగాను. ఆవిడ చెప్పి, కాసేపు అలాగే నిలబడిపోయారు. "ఈ పేరు నన్నెవరూ అడగలేదమ్మా ఇన్నాళ్ళూ" అన్నారు. ఏడువందల ఏళ్ళనాటి ఆడవాళ్ళ పేర్లు రాతిమీద మిగిలాయి. మూడు తరాల వెనకటి పేరు మనింట్లోనే మిగల్లేదు.

మీరూ ఒక్కరోజు ఇలా వెళ్ళి రండి. మంచినీళ్ళు, ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. చరిత్ర తెలిసిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉంటారు, వెంటబెట్టుకెళ్ళండి. దణ్ణం పెట్టుకున్నాక ఓ అరగంట గోడలూ చూడండి. కుంకుమ, నూనె అక్షరాలకి మాత్రం అంటనివ్వకండి.

ఆ రాత్రి మా అమ్మాయి నోటుపుస్తకంలో రెండువైపుల అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు వరసగా రాసుకుంది. నాలుగు ఖాళీలు మిగిలాయి. వాటి కోసమే ఈ వారం అందరికీ ఫోన్లు చేస్తున్నాను.