తడి జుట్టుకు వాడే స్ట్రెయిటనర్ – కొనవలసిన వస్తువేనా?

తలస్నానం చేసి, తడి ఆరకముందే వాడుకోవచ్చునని చెప్పే హెయిర్ స్ట్రెయిటనర్ కొనవచ్చా అని పెళ్ళిళ్ళ రోజుల్లో పలమనేరు, పుంగనూరు అమ్మాయిలు, వారి తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. మా సలహా: కొనవద్దు.

కారణం గమనించండి. వెంట్రుక తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకొంటుంది. నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఈ పరికరాల పలకలు సాధారణంగా 150 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి. వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, పోయే దారి లేక బుడగలు కడుతుంది. అక్కడే వెంట్రుక పెళుసై తెగుతుంది. చర్మవైద్యులు 1986లో దీనిని వివరించి ‘బబుల్ హెయిర్’ అన్నారు. పరికరానికి ఉన్న రంధ్రాలు పైతడి ఆవిరిని బయటకు వదులుతాయి గాని, లోపలి నీటి విషయంలో ఏమీ చేయలేవు.

తెగిన వెంట్రుకను ఏ నూనే, ఏ షాంపూ అతికించలేదు. కొత్త జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. అరగంట ఆదా కోసం ఇంత నష్టం ఎందుకు?

పాటించవలసినవి:

1. తువ్వాలుతో అద్ది, గాలికి ఆరనివ్వండి.

2. తప్పదనుకుంటే, పూర్తిగా ఆరిన జుట్టుకే మామూలు స్ట్రెయిటనర్‌ను తక్కువ వేడిలో వాడండి. నూనె రాసిన తలకు వద్దు.

3. తడి చేతులతో ముట్టుకోవద్దు. పిల్లలకు అందనివ్వవద్దు.

4. చెవి, మెడ కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. బొబ్బలెక్కితే చిదమకుండా ఆసుపత్రికి రండి.