జీపుకు పెద్ద టైర్లు వేస్తే

కొండదారిలో జీపు పోతోంది. రాత్రి వాన పడింది. మట్టి కొట్టుకుపోయి దారి నడుమ రాయి తేలింది. చక్రాలు రాయికి అటూ ఇటూ పోయాయి. కాని కింద ఉన్న ఇరుసు రాయికి తగిలింది. బండి ఆగిపోయింది. అందరూ దిగి తోయాల్సి వచ్చింది.

ఇలా రెండుసార్లు జరిగితే చాలు, బండి గలవాళ్లకు ఒక ఆలోచన వస్తుంది. "పెద్ద టైర్లు వేయిస్తే పోలా!" అనుకుంటారు. బండి ఎత్తుగా, దర్జాగా కూడా కనిపిస్తుంది కదా! కాని ఐదు టైర్లకు డబ్బు కావాలి. అది ఇంట్లోంచే రావాలి. ఆ బండి ఎక్కి వెళ్లేది ఇంట్లో ఆడవాళ్లూ, పిల్లలూ. అందుకే పెద్ద టైరు ఏమి ఇస్తుందో, ఏమి తీసుకుంటుందో వాళ్లకూ తెలియాలి.

టైరు మీద అంకెలు

టైరు పక్క భాగం చూడండి. రబ్బరు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అంకెలు వచ్చిన వాళ్లు ఎవరైనా వాటిని చదవవచ్చు.

మారుతి కంపెనీ చిన్న జీపు జిమ్నీని తీసుకుందాం. అది మన దేశంలో 2023 లో అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు ఇదే కంపెనీ బండి జిప్సీ ఉండేది. 1985 లో వచ్చిన ఆ జిప్సీని పోలీసులు, సైన్యం చాలా ఏళ్లు వాడారు. ఇప్పుడు అది తయారు కావడం లేదు.

జిమ్నీ టైరు మీద 195/80 ఆర్ 15 అని ఉంటుంది. 195 అంటే టైరు వెడల్పు. ఇది మిల్లీమీటర్లలో లెక్క. పది మిల్లీమీటర్లు ఒక సెంటీమీటరు. అంటే పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు. 80 అనేది రబ్బరు గోడ ఎత్తు. వెడల్పు వంద పాళ్లు అనుకుంటే ఎత్తు 80 పాళ్లు. లెక్క వేస్తే సుమారు పదిహేనున్నర సెంటీమీటర్లు వస్తుంది. చివరి 15 లోపలి రిమ్ము అడ్డుకొలత. ఇది మాత్రం అంగుళాలు! ఒకే వరసలో మిల్లీమీటర్లూ, అంగుళాలూ కలిపి రాయడం చిత్రమే. కాని లోకమంతా అలాగే రాస్తున్నారు.

ఇవన్నీ కలిపితే చక్రం ఎత్తు సుమారు 69 సెంటీమీటర్లు. దీని బదులు 235/75 ఆర్ 15 టైరు వేశారనుకోండి. ఎత్తు 73 సెంటీమీటర్లు దాటుతుంది. నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. మరి బండి కూడా నాలుగు పెరుగుతుందా? పెరగదు. ఇరుసు చక్రం నడిమధ్యన ఉంటుంది. కాబట్టి సగమే పెరుగుతుంది. రెండు సెంటీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పంత.

అది తక్కువేం కాదు. పొడుగు స్ప్రింగులు వేస్తే బండి పైభాగం లేస్తుంది గాని ఇరుసు లేవదు. ఇరుసును లేపేది టైరే. పైగా పెద్ద చక్రం గుంటలో అంతగా దిగబడదు. ఎద్దుబండి గతుకులు దాటే తీరు చూసిన వాళ్లకు ఈ సంగతి తెలుసు.

బ్రేకు ఏమవుతుంది?

తిరగలి పిడి అంచు దగ్గర ఉంటుంది. అందుకే తేలికగా తిరుగుతుంది. ఆ పిడిని నడిమి మేకు దగ్గరకు జరిపితే? చేతులు పీకుతాయి. జీపు బ్రేకుదీ అదే కష్టం. అది చక్రాన్ని నడిమికి దగ్గరగా పట్టుకుంటుంది. నేల మాత్రం చక్రం అంచును తాకుతుంది. టైరు పెద్దదైన కొద్దీ అంచు దూరమవుతుంది. బ్రేకు పాతదే, ఉన్నది పాత చోటే. అందువల్ల బండి ఆగాలంటే ఇంకా గట్టిగా తొక్కాలి. దిగుడు దారిలో, బండి నిండా జనం ఉన్నప్పుడు ఇది ప్రాణాల మీదికి వస్తుంది. ఎక్కుడు దారిలో ఇంజనుకూ ఇదే బాధ. బండి లాగలేదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

మీటరు మాట

ఒక దారం తీసుకుని చక్రం చుట్టూ చుట్టి కొలవండి. కంపెనీ టైరుకు సుమారు 218 సెంటీమీటర్లు వస్తుంది. పెద్ద టైరుకు సుమారు 230. అంటే ఒక్క చుట్టుకు 12 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. కాని మీటరుకు ఈ సంగతి తెలియదు. అది చుట్లు లెక్కపెట్టి వేగం చెబుతుంది. 60 అని చూపిస్తే, పాత టైరు వేగం కంటే మూడు కిలోమీటర్లకు పైగా ఎక్కువ పోతున్నట్టు. కంపెనీలు సాధారణంగా మీటరు వేగాన్ని కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి. పెద్ద టైరు ఆ జాగ్రత్తను మింగేస్తుంది.

కిరాయి బండి అయితే డబ్బు నష్టం కూడా. పాత టైరుతో వెయ్యి కిలోమీటర్లు చూపించే దారికి పెద్ద టైరుతో మీటరు 945 చూపిస్తుంది. 55 కిలోమీటర్ల కిరాయి పోయినట్టే.

బిందె మీద బిందె

పెద్ద టైరు వేశాక స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. గుంటలో పడ్డప్పుడు ఇంకా రాసుకుంటుంది. రబ్బరు చిరుగుతుంది. దీనికి మందుగా కొందరు స్ప్రింగులు మార్చి బండిని ఇంకా పైకి లేపుతారు. జిమ్నీ వెడల్పు 1645 మిల్లీమీటర్లు, ఎత్తు 1720. అసలే వెడల్పు కంటే ఎత్తు ఎక్కువ. తల మీద బిందె మీద బిందె పెట్టుకుని పక్కకు తిరిగితే ఎలా ఉంటుందో నీళ్లు మోసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. మలుపులో ఎత్తు బండికీ అంతే. ఇక పైన కూడా జనం ఎక్కితే?

చట్టం ఒకటి ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ చేసిన తీరుకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ఈ మార్పును చూపి పేచీ పెట్టవచ్చు. ఏ టైరు వేయాలో, ఎంత గాలి కొట్టాలో బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో కూడా ఉంటుంది. ముందు అది చదవండి.

జిమ్నీ ఉన్నవాళ్లు కొందరు 215/75 ఆర్ 15 టైరుతో సరిపెట్టుకుంటారు. దాని ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు, ఒక్క సెంటీమీటరే తేడా. వేసి తీరాలన్న పట్టుదల ఉంటే 235 కంటే ఇదే నయం. అయినా బండి పుస్తకంలో ఆ కొలత ఉందో లేదో చూడాల్సిందే.

స్టెప్నీని మరిచిపోతారు. నాలుగు టైర్లు మార్చి ఐదోది పాతదే ఉంచేస్తారు. పంక్చరు పడిన రోజున ఒక చక్రం చిన్నదవుతుంది. నాలుగు చక్రాలూ లాగే గేరు వేస్తే లోపలి పళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. స్టెప్నీ కూడా పెద్దదే కొంటే, జిమ్నీలో అది వెనక తలుపుకు వేలాడుతుంది. ఆ బరువంతా తలుపు బందుల మీదే.

డబ్బు ఇచ్చే ముందు టైరు మీద ఇంకో నాలుగు అంకెలు వెతకండి. 2324 అని ఉంటే అది 2024 సంవత్సరం 23వ వారంలో తయారైంది. కొట్టువాడు "కొత్త సరుకే" అంటాడు. టైరు పుట్టిన వారం టైరు మీదే ఉంది.