కాసాబ్లాంకా: రెండు కాగితాల కథ

ఈ వారం ఒక పాత సినిమా గురించి చెప్పుకుందాం. 1942 నవంబరులో న్యూయార్కులో మొదటిసారి ప్రదర్శించిన 'కాసాబ్లాంకా' అది. హంఫ్రీ బోగార్ట్, ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌ల ప్రేమకథ అంటారు అందరూ. నాకు మాత్రం అది రెండు కాగితాల కథ.

1938లో ముర్రే బర్నెట్ అనే న్యూయార్క్ స్కూలు మాస్టారు భార్యతో కలిసి వియన్నా వెళ్ళాడు. ఆస్ట్రియా అప్పటికే హిట్లర్ చేతిలో పడింది. అక్కడి యూదు బంధువులు దేశం దాటడానికి పడుతున్న పాట్లు కళ్ళారా చూశాడు. 1940లో జోన్ ఆలిసన్‌తో కలిసి 'ఎవ్రిబడీ కమ్స్ టు రిక్స్' అనే నాటకం రాశాడు. అది రంగస్థలం ఎక్కకముందే వార్నర్ బ్రదర్స్ 20,000 డాలర్లకు కొనేసింది.

ఆ రోజుల్లో ఫ్రాన్సు నుంచి అమెరికా చేరాలంటే ఒక్క వీసా చాలేది కాదు. ఫ్రెంచి ప్రభుత్వం ఎగ్జిట్ వీసా ఇవ్వాలి, దారిలోని దేశం ట్రాన్సిట్ వీసా ఇవ్వాలి, చేరే దేశం వీసా వేరే. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు తీరిపోయేది. ఈ చిక్కునంతా రచయితలు 'లెటర్స్ ఆఫ్ ట్రాన్సిట్' అనే రెండు పత్రాల్లోకి తెచ్చారు. నిజానికి అలాంటి పత్రాలు లేవు, అది కల్పన. కానీ పత్రాలు రెండు, మనుషులు ముగ్గురు. కథంతా అక్కడే ఉంది. రిక్ ప్రేమ ఎంతటిదో అతని మాటల్లో తెలియదు, ఆ కాగితాలు ఎవరికిచ్చాడో చూస్తే తెలుస్తుంది.

నటుల్లోనూ చాలామంది శరణార్థులే. మార్సెల్ దాలియో, మాడలిన్ లెబో అప్పట్లో భార్యాభర్తలు. 1940లో పారిస్ వదిలి లిస్బన్ మీదుగా ఓడెక్కారు. తమ చిలీ వీసాలు నకిలీవని మెక్సికో చేరాక తెలిసింది. ఫ్రెంచి జాతీయగీతం పాడే సీనులో లెబో కళ్ళలో నీళ్ళు చూడండి, నా మాట అర్థమవుతుంది.

ఒకసారి ఇండియాలో నాకు స్టాంపింగ్ అయిపోయింది, మా ఆవిడది ఆగిపోయింది. నేనొక్కణ్ణే విమానం ఎక్కాను. వాళ్ళ కష్టంతో మా కష్టాన్ని పోల్చను. మా ఆవిడ ఉండడానికి అక్కడ పుట్టిల్లుంది, ఎవరూ తరమలేదు. అయినా ఎయిర్‌పోర్టులో ఆఖరి సీను ఎందుకంత బరువో ఆ రోజే తెలిసింది.

వీలైతే ఇంకోసారి చూడండి. ఈసారి పాటను కాక, కాగితాలను గమనించండి. ఉంటాను మరి, సెలవు.